చాటు బేరానికి సంతకం పెట్టకండి

శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత విక్టోరియన్ ఇల్లు ఉన్నవాళ్ళకు, ఆ ఇల్లు వారసత్వంగా రాబోయేవాళ్ళకు, అక్కడ ఇల్లు కొనుక్కుని ఇప్పుడు హైదరాబాదుకో విశాఖకో తిరిగొచ్చేసిన మనవాళ్ళకు ఒక హెచ్చరిక. ఎవరో అపరిచితుడు తలుపు తట్టో, ఉత్తరం రాసో, "ఇల్లు ఎలా ఉంటే అలాగే కొంటాను, రిపేర్లు అక్కర్లేదు, బ్రోకరు కమిషన్ లేదు, వారంలో డబ్బు చేతికిస్తాను" అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆ రోజు పెట్టకండి, ఆ వారమూ పెట్టకండి.

కాలిఫోర్నియాలో మామూలు ఇంటి అమ్మకం ఒప్పందం మీద సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి అమ్మేవాడికి చట్టం గడువంటూ ఇవ్వలేదు. అప్పు కట్టలేక జప్తు నోటీసు నమోదైన యజమాని మాత్రం, అలాంటి ఇళ్ళను వెతికి కొనేవాడికి అమ్మితే, ఐదు పనిదినాల్లోగా ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. మిగతావాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. మీరు వెనక్కి తగ్గితే కొంటానన్నవాడు కోర్టుకెక్కవచ్చు, ఆ దావా సంగతిని ఇంటి రికార్డుల్లోకి ఎక్కించవచ్చు. అది తేలేదాకా మరొకరు ఆ ఇంటి జోలికి రావడం కష్టం.

అమ్మడం తప్పని ఎవరూ అనరు. మెట్లు ఎక్కలేని వయసు వస్తుంది. పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడతారు. అన్నదమ్ముల వాటాలు తేల్చాల్సి వస్తుంది. ప్రమాదమంతా తొందరలోనూ చాటులోనూ ఉంది. ఈ రెండూ కలిసినచోట అమ్మినవాళ్ళకు డబ్బు పోతుంది, కొన్నవాళ్ళకు తగాదా మిగులుతుంది, వీధి ఒక ఇంటిని పోగొట్టుకుంటుంది.

మళ్ళీ కట్టలేని ఇళ్ళు

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849 నుంచి 1915 వరకు విక్టోరియన్, ఎడ్వర్డియన్ శైలుల్లో సుమారు 48,000 ఇళ్ళు కట్టారని అంచనా. 1870లలో ఇటాలియనేట్, 1880లలో స్టిక్, 1890లలో క్వీన్ ఆన్ అంటూ దశాబ్దానికో పోకడ నడిచింది. పాతిక అడుగుల వెడల్పు స్థలాల్లో, వాలు వీధుల వెంట, రెడ్‌వుడ్ కలపతో వీటిని లేపారు. అలమో స్క్వేర్ ఎదురుగా స్టైనర్ వీధిలో సినిమాల్లోనూ పోస్టుకార్డుల మీదా అందరూ చూసే ఇళ్ళ వరుసను మాథ్యూ కావనా అనే బిల్డరు 1892, 1896 మధ్య కట్టాడు.

1906 ఏప్రిల్ 18 భూకంపం తర్వాత లేచిన మంటలు నగరంలో సుమారు 28,000 కట్టడాలను మింగాయి. వాన్‌నెస్ అవెన్యూ దగ్గర మంటలు ఆగబట్టే దానికి పడమట ఉన్న పేటల్లో ఈ ఇళ్ళు మిగిలాయి. అలా మిగిలినవాటిని అర్ధ శతాబ్దం తర్వాత నగరమే కూల్చింది. వెస్టర్న్ అడిషన్‌లో, ముఖ్యంగా నల్లజాతి కుటుంబాలూ జపనీస్ అమెరికన్లూ బతికిన ఫిల్‌మోర్ ప్రాంతంలో, పునరభివృద్ధి పేరుతో సుమారు 2,500 విక్టోరియన్ ఇళ్ళు బుల్డోజర్ కింద పడ్డాయి. 883 వ్యాపారాలు మూతపడ్డాయి. తిరిగొచ్చి ఇక్కడే ఉండవచ్చంటూ ఖాళీ చేసినవాళ్ళ చేతికి ఇచ్చిన పత్రాలు చాలామందికి అక్కరకు రాలేదు. 1974లో ఒక డజను ఇళ్ళను మాత్రం చక్రాల మీద వేరే చోటికి తరలించి కాపాడారు.

ఈ చరిత్రను ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఫిల్‌మోర్ యజమానులకు కూడా అప్పట్లో చెప్పిన మాటలు ఇవే: ఇల్లు పాతబడింది, బాగు చేయించడం దండగ, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళడం మేలు. అప్పుడు తొందరపెట్టింది ప్రభుత్వం. ఇప్పుడు తొందరపెడుతున్నది లాభం చూసుకునే మధ్యవర్తి. బలవంతం లేదు కనుక ఇది మేలని అనుకోకండి. ప్రభుత్వం ఇల్లు తీసుకుంటే అడగడానికి ఒక కార్యాలయమైనా ఉంటుంది. మీరే సంతకం చేసి ఇచ్చాక అడగడానికి ఎవరూ ఉండరు.

వారంలో డబ్బిస్తానన్నవాడి దగ్గర డబ్బుందా?

చాలాసార్లు ఉండదు. ఈ వ్యాపారానికి అమెరికాలో హోల్‌సేలింగ్ అని పేరు. ఒప్పందంలో కొనుగోలుదారు పేరు పక్కన "లేదా అతడు బదలాయించినవారు" అన్న అర్థం వచ్చే చిన్న మాట ఉంటుంది. అతడు నామమాత్రపు బయానా కట్టి ఇంటిని తన చేతిలో పెట్టుకుంటాడు. ఆ ఒప్పందాన్నే ఎక్కువ ధరకు ఇంకొకరికి అమ్ముతాడు. మధ్యలో మిగిలింది అతడిది. కొనేవాడు దొరక్కపోతే తనిఖీలో లోపాలు కనిపించాయంటూ తప్పుకుంటాడు. ఇల్లు మాత్రం వారాల తరబడి మీ చేతిలో లేకుండా ఉంటుంది.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు. మీ ముందు కూర్చున్నప్పుడు అతడికి ఇటుక పునాదీ, కాలం చెల్లిన వైరింగూ, కారే కప్పూ కనిపిస్తాయి. అదే ఇంటిని అతడు అమ్మకానికి పెట్టినప్పుడు ప్రకటనలో చెక్కడపు మెట్లూ, రంగుటద్దాల కిటికీలూ, పదకొండడుగుల సీలింగూ కనిపిస్తాయి.

ఈ నగరంలో ఇళ్ళు బహిరంగంగా అమ్ముడయ్యే పద్ధతి వేరు. ఇంటిని లిస్టింగులో పెడతారు, ఒకటి రెండు వారాంతాలు అందరూ వచ్చి చూసేలా తలుపులు తెరుస్తారు, ఫలానా తేదీన బేరాలన్నీ ఒకేసారి తెరిచి చూస్తారు. పదిమంది చూస్తేనే ధర తెలుస్తుంది. ఒక్కడే చూస్తే అతడు చెప్పిందే ధర. "మార్కెట్లో పెట్టకుండానే నా దగ్గర కొనేవాళ్ళున్నారు" అని సొంత ఏజెంటు అన్నా ఇదే ప్రశ్న వేయండి: ఆ కొనుగోలుదారు తరఫున కూడా మీరే పనిచేస్తున్నారా? అవునంటే రెండు వైపుల కమిషన్ ఎవరికి పోతుందో ఆలోచించండి. ఏజెంటు కమిషన్‌కు చట్టం రేటు పెట్టలేదు, బేరమాడుకోవచ్చు. కొద్దిపాటి డబ్బు ముందే చేతిలో పెట్టి, ఇంటిని అమ్మే హక్కును ఏళ్ళ తరబడి రాయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ దోపిడీ చూసే కాలిఫోర్నియా 2024 జనవరి నుంచి ఇళ్ళ మీద 24 నెలలకు మించిన ఎక్స్‌క్లూజివ్ లిస్టింగ్ ఒప్పందాలను నిషేధించింది.

65 ఏళ్ళు దాటినవాళ్ళ ఆస్తిని మోసంతో కాజేయడాన్ని ఆ రాష్ట్రం ప్రత్యేక నేరంగా చూస్తుంది. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ ఇంటికి కొత్త ముఖాలు పదేపదే వస్తుంటే ఒక మాట అడగండి. నగరంలోని అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్‌కు ఫిర్యాదు చేయడానికి రక్త సంబంధం అక్కర్లేదు.

"ఎలా ఉంటే అలాగే" అంటే దాచమని అర్థం కాదు

చాటు బేరానికి మొగ్గేవాళ్ళ భయంలో సగం ఇదే: ఇంటి లోపాలు బయటపడతాయని. "యాజ్ ఈజ్" అని రాసుకుంటే చెప్పాల్సిన పనిలేదని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాలిఫోర్నియా చట్టం అలా అనదు. ఒకటి నుంచి నాలుగు వాటాల ఇళ్ళు అమ్మేవాడు తనకు తెలిసిన లోపాలన్నీ ట్రాన్స్‌ఫర్ డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లో రాసివ్వాలి. బేరం కుదిరాక ఆలస్యంగా ఇస్తే, చేతికి అందిన మూడు రోజుల్లో, తపాలాలో పంపితే ఐదు రోజుల్లో, కొనేవాడు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ ఇంట్లో గత మూడేళ్ళలో ఎవరైనా చనిపోయి ఉంటే అదీ చెప్పాలి. తల్లిదండ్రులు పోయాక పిల్లలు ట్రస్టీలుగా అమ్మేటప్పుడు ఆ ఫారం నుంచి మినహాయింపు దొరకవచ్చు. తెలిసిన లోపాన్ని దాచడానికి మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

1978కి ముందు కట్టిన ప్రతి ఇంటికీ 1992 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం సీసం రంగుల గురించి తెలిసింది చెప్పి, ప్రభుత్వ కరపత్రం ఇచ్చి, పరీక్ష చేయించుకోవడానికి కొనేవాడికి పది రోజుల వ్యవధి ఇవ్వాలి. విక్టోరియన్ ఇంట్లో పొర మీద పొరగా ఉన్న రంగుల్లో సీసం లేకపోతేనే ఆశ్చర్యం. భూకంప భద్రత గురించిన రాష్ట్ర పుస్తకం కూడా ఇవ్వాలి.

వీటన్నిటికీ తోడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఇచ్చే కాగితం ఒకటుంది. దాన్ని అక్కడ అందరూ త్రీ-ఆర్ రిపోర్టు అంటారు. ఇంటికి నగర రికార్డుల్లో ఎన్ని వాటాలకు అనుమతి ఉంది, ఏయే బిల్డింగ్ పర్మిట్లు తీసుకున్నారు అన్నది అందులో ఉంటుంది. కింద గ్యారేజీ పక్కన 1960లలో ఎవరో కట్టిన గది, వంటిల్లు, అద్దెకిచ్చిన వాటా అందులో కనిపించకపోతే అది అనుమతి లేని కట్టడం. ఇల్లు అమ్మాలన్న ఆలోచన రాగానే మొట్టమొదట తెప్పించుకోవాల్సింది ఈ రిపోర్టునే. కొనేవాడి వకీలు చూపించేదాకా ఆగితే, బేరం అతడి చేతిలోకి వెళ్ళిపోతుంది.

ఈ ఇళ్ళ లోపాలు అందరికీ తెలిసినవే. 1906కి ముందరి పునాదుల్లో చాలావాటికి ఇటుకలే ఆధారం. వాటి మధ్య సున్నం పొడిలా రాలుతుంటుంది. గోడల్లో పింగాణీ గుబ్బల మీదుగా లాగిన పాత కరెంటు తీగలు ఉండవచ్చు. కార్లు వచ్చాక ఇంటి కింద గ్యారేజీ కోసం తొలిచిన చోట కింది అంతస్తు బలహీనపడి ఉండవచ్చు. 1989 లోమా ప్రియెటా భూకంపంలో మరీనా పేటలో కూలిన భవనాలు ఈ బలహీనతను అందరికీ చూపించాయి. ఐదు లేదా అంతకు మించిన వాటాలు, మూడు లేదా అంతకు మించిన అంతస్తులు ఉన్న పాత చెక్క భవనాలకు 2013లో నగరం బలోపేతం తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్ళకు ఆ నిర్బంధం లేదు, ప్రమాదం మాత్రం ఉంది.

ఇప్పుడు కొత్తగా తోడైన చిక్కు బీమా. 2023 నుంచి పెద్ద బీమా సంస్థలు కాలిఫోర్నియాలో ఇళ్ళకు కొత్త పాలసీలు ఇవ్వడం తగ్గించాయి. పాత వైరింగు, పాత కప్పు ఉన్న ఇంటికి పాలసీ దొరకడం మరింత కష్టం. బీమా లేనిదే కొనేవాడికి బ్యాంకు రుణం రాదు. కాబట్టి పునాది, కప్పు, వైరింగు, మురుగు పైపు, చెదలు తనిఖీలను అమ్మకానికి ముందే మీ ఖర్చుతో చేయించి, ఆ నివేదికలను ఇల్లు చూడటానికి వచ్చే అందరికీ ఇవ్వండి. చెప్పిన లోపానికి ధరలో కొంత తగ్గుతుంది. దాచిన లోపానికి అమ్మకం ముగిశాక కోర్టులో కట్టాల్సి వస్తుంది.

అమ్మకం కోసం ఇంటిని పాడుచేయకండి

తొందరలో జరిగే ఇంకో నష్టం కళ్ళముందే జరుగుతుంది. "పాతదిలా కనిపిస్తే అమ్ముడుపోదు" అన్న సలహా విని, చెక్క చట్రాల కిటికీలు పీకి ప్లాస్టిక్‌వి పెడతారు. పొయ్యి అరుగుల చుట్టూ ఉన్న చెక్కడాలు, మెట్ల స్తంభాలు, రంగుటద్దాలు విప్పి పాత సామాన్ల వ్యాపారికి ఇస్తారు. గోడల రంగును పొడిగా గీకి సీసం దుమ్ము ఇల్లంతా, పొరుగింటి పెరడంతా చల్లుతారు.

20వ శతాబ్దం మధ్యలో ఇలాగే ఎన్నో విక్టోరియన్ల ముఖాల మీది అలంకారాలు చెక్కేసి, సిమెంటు పూతలూ ఆస్బెస్టాస్ పలకలూ దిగ్గొట్టారు. ఆ పని చేసినవాళ్ళు ఇంటికి విలువ పెంచుతున్నామనే అనుకున్నారు. 1963లో బుచ్ కార్డమ్ అనే చిత్రకారుడు తన ఇంటికి నీలం, పచ్చ రంగులు వేయడంతో గాలి మారింది. ఇరుగుపొరుగు మొదట ముక్కున వేలేసుకుని, తర్వాత తామూ రంగులకు దిగారు. 1978లో ఎలిజబెత్ పొమాడా, మైకేల్ లార్సెన్‌ల పుస్తకం వచ్చాక ఆ ఇళ్ళకు "పెయింటెడ్ లేడీస్" అన్న పేరు స్థిరపడింది. నేడు కొనేవాళ్ళు ఎక్కువ చెల్లించేది అప్పట్లో పీకి పారేసినవాటికే.

వీధి వైపు కిటికీలు మార్చడానికి నగరం అనుమతి కావాలి. 1978కి ముందరి ఇళ్ళలో రంగు కదిలించే కాంట్రాక్టరుకు సీసం భద్రతలో ధ్రువపత్రం ఉండాలని 2010 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. ఇంటికి బిగించి ఉన్న వస్తువు ఇంటితోపాటే కొనేవాడికి చెందుతుంది. అమ్మమ్మ కాలపు దీపాల గుత్తి మీరు ఉంచుకోవాలనుకుంటే ఒప్పందంలో రాయండి, లేదా అమ్మకానికి పెట్టకముందే తీసి దాని స్థానంలో వేరొకటి బిగించండి. మీరు కొన్న 18 నెలల్లోపే తిరిగి అమ్ముతూ, ఆ మధ్యలో కాంట్రాక్టర్లతో పనులు చేయించి ఉంటే, ఏ పని ఎవరు చేశారో కొనేవాడికి చెప్పాలని 2024 జూలై నుంచి కాలిఫోర్నియా చట్టం అంటోంది.

చారిత్రక ఇల్లు కదా, నగరమే కాపాడుతుంది అనుకోవద్దు

ఇది అన్నిటికంటే పెద్ద భ్రమ. నేషనల్ రిజిస్టర్‌లో పేరు ఉన్నంత మాత్రాన ప్రైవేటు యజమాని తన డబ్బుతో ఇల్లు మార్చకుండా ఎవరూ ఆపరు. నిజమైన రక్షణ నగర ప్లానింగ్ కోడ్‌లోని 10వ ఆర్టికల్ కింద గుర్తించిన ల్యాండ్‌మార్కులకూ, అలమో స్క్వేర్, లిబర్టీ హిల్ వంటి చారిత్రక ప్రాంతాలకూ ఉంది. అక్కడ బయటి రూపం మార్చాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అక్కడ కూడా ప్రైవేటు ఇంటి లోపలి భాగాలకు సాధారణంగా రక్షణ ఉండదు. ముఖం అలాగే ఉంచి లోపలంతా డొల్ల చేయవచ్చు.

చట్టం ఉన్నా ముందు జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ట్విన్ పీక్స్ దగ్గర చూశాం. ఆర్కిటెక్ట్ రిచర్డ్ న్యూట్రా రూపకల్పన చేసిన 1936 నాటి ఇంటిని 2017లో కొత్త యజమాని అనుమతికి మించి కూల్చేశాడు. 2018 డిసెంబరులో ప్లానింగ్ కమిషన్ ఆ ఇంటిని అచ్చం అలాగే మళ్ళీ కట్టాలని ఆదేశించింది. ఆ ఆదేశం దేశమంతా వార్త అయింది. న్యూట్రా కట్టిన ఇల్లు మాత్రం తిరిగి రాలేదు.

మీ తర్వాత కూడా ఇల్లు నిలవాలన్న కోరిక ఉంటే దానికి అమ్మకం కంటే ముందే దారి వెతకాలి. సంరక్షణ ఈజ్‌మెంట్ రాసి ఇంటి రూపాన్ని మార్చే హక్కును ఒక సంస్థకు అప్పగిస్తే అది తర్వాతి యజమానులందరికీ వర్తిస్తుంది. 1971లో మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో హెరిటేజ్ అలాంటి ఈజ్‌మెంట్లు స్వీకరిస్తుంది. ఫ్రాంక్లిన్ వీధిలో 1886 నాటి హాస్-లిలియంతాల్ ఇంటిని ఆ కుటుంబం 1970లలో ఆ సంస్థకే ఇచ్చింది. ఇప్పుడది ఎవరైనా వెళ్ళి చూడగల మ్యూజియం. ఈజ్‌మెంట్ ఉన్న ఇంటికి ధర తగ్గవచ్చు, పన్ను మినహాయింపు లెక్కలను అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ గట్టిగా పరిశీలిస్తుంది. అందుకే వకీలును అడిగి చేయాలి. ఇక మిల్స్ యాక్ట్ ఒప్పందం మీ ఇంటికి ఇప్పటికే ఉంటే, తగ్గిన ఆస్తి పన్నుతోపాటు ఇంటిని కాపాడాల్సిన బాధ్యత కూడా కొనేవాడికి వెళుతుంది. ఆ సంగతి మొదటి రోజే అతడికి చెప్పండి.

సమయం ఇస్తే ఏం సాధ్యమో 2021 ఫిబ్రవరి 21న నగరం చూసింది. 139 ఏళ్ళ ఇంగ్లాండర్ హౌస్‌ను ఫ్రాంక్లిన్ వీధి నుంచి ఆరు బ్లాకుల అవతల ఫుల్టన్ వీధికి చక్రాల మీద నడిపించారు. ఖర్చు సుమారు 4 లక్షల డాలర్లు. పాత స్థలంలో కొత్త ఇళ్ళకు చోటు దొరికింది, పాత ఇల్లూ బతికింది. దాని వెనక ఏళ్ళ తరబడి తిరిగిన అనుమతులున్నాయి. వారం గడువులో అది జరిగేది కాదు.

ఇంట్లో అద్దెదారు ఉంటే

ఎన్నో విక్టోరియన్లు ఎప్పుడో రెండు మూడు వాటాలయ్యాయి. 1979 నుంచి ఉన్న రెంట్ ఆర్డినెన్స్ ప్రకారం ఇల్లు అమ్మడం అద్దెదారుణ్ణి ఖాళీ చేయించడానికి కారణం కాదు. అనుమతి లేని వాటాలో ఉన్నవాళ్ళకూ ఆ రక్షణ ఉంది. "ఖాళీ చేయించి ఇస్తే ఎక్కువిస్తాను" అని కొనేవాడు ఆశపెడితే ఆ పని మీ నెత్తిన వేసుకోకండి. డబ్బిచ్చి ఒప్పించి పంపాలన్నా రెంట్ బోర్డు పద్ధతి ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి, ఒప్పందాన్ని దాఖలు చేయాలి. మూడు, అంతకు మించిన వాటాల భవనమైతే 2019 చట్టం ప్రకారం అర్హత పొందిన స్వచ్ఛంద సంస్థలకు ముందు కబురు పెట్టి, మొదటి బేరం వాళ్ళకు అందించాలి. చాటుగా అమ్మితే ఈ మెట్టు తప్పిపోతుంది, దావా మిగులుతుంది.

పన్ను లెక్క సంతకానికి ముందు

1980లలో 2 లక్షల డాలర్లకు కొన్న ఇల్లు నేడు 25 లక్షలకు పోతుందనుకుందాం. ఆ ఇంట్లోనే ఉన్న దంపతులకు లాభంలో 5 లక్షల డాలర్ల వరకు, ఒంటరివారికి 2.5 లక్షల వరకు ఫెడరల్ పన్ను ఉండదు. 1997లో పెట్టిన ఈ పరిమితులు ఇప్పటికీ మారలేదు. దంపతులైతే మిగతా 18 లక్షల మీద ఫెడరల్ పన్నూ, మామూలు ఆదాయం రేటున కాలిఫోర్నియా పన్నూ పడతాయి. కొత్త పునాది, కొత్త వైరింగు వంటి పనుల రశీదులు ఉంటే ఆ ఖర్చు కొన్న ధరకు కలిసి లాభం తగ్గుతుంది. పాత రశీదుల పెట్టె పారేయకండి.

పెద్దవాళ్ళు బతికుండగానే "గొడవ లేకుండా" పిల్లల పేర ఇల్లు రాయడం చాలా కుటుంబాల్లో జరిగే ఖరీదైన పొరపాటు. అలా ఇస్తే ఆ 2 లక్షల పాత ధరే పిల్లలకూ వర్తిస్తుంది. వారసత్వంగా వస్తే, తల్లిదండ్రులు పోయిన నాటి మార్కెట్ విలువ నుంచి లెక్క మొదలవుతుంది. ఇల్లు ఉంచుకుందామనుకునే పిల్లలకు 2021 ఫిబ్రవరి 16 నుంచి అమల్లో ఉన్న ప్రపోజిషన్ 19 అడ్డొస్తుంది. ఏడాదిలోగా ఆ ఇంట్లో తామే కాపురం పెట్టకపోతే, ఏళ్ళ తరబడి కాపాడుకొచ్చిన తక్కువ ఆస్తి పన్ను పోతుంది. ఈ భయంతోనే చాలామంది వారసులు దుఃఖంలో ఉన్న మొదటి నెలల్లోనే చాటు బేరానికి తలూపుతారు. ఏడాది వ్యవధి ఉంది, వాడుకోండి. నగరానికి కట్టాల్సిన బదిలీ పన్నును ఆనవాయితీగా అమ్మేవాడే కడతాడు. 20 లక్షల డాలర్ల ఇంటికి అది 15,000 డాలర్లు.

స్వదేశానికి వచ్చేసిన మనవాళ్ళకు

బే ఏరియాలో ఉద్యోగం చేసి, ఇల్లో వాటానో కొని, తర్వాత తిరిగొచ్చినవాళ్ళు ఎందరో. పన్ను చట్టం దృష్టిలో మీరు అక్కడ నివాసి కాకపోతే, ఫిర్ప్టా అనే 1980 నాటి చట్టం ప్రకారం మామూలుగా అమ్మకం ధరలో 15 శాతాన్ని కొనేవాడు పట్టి ఐఆర్ఎస్‌కు కట్టాలి. లాభంలో కాదు, మొత్తం ధరలో. 20 లక్షల డాలర్ల ఇంటికి అది 3 లక్షలు. కాలిఫోర్నియా కూడా మూడుంపావు శాతానికి పైగా పట్టి ఉంచుతుంది. మీ అసలు పన్ను తక్కువైతే అమ్మకం ముగిసేలోపే తగ్గింపు ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. లేదంటే రిటర్ను దాఖలు చేసి వాపసు కోసం ఎదురుచూడాలి. భారత్‌లో పన్ను నివాసిగా ఉంటే ఇక్కడి రిటర్నులోనూ ఆ ఆస్తీ ఆ లాభమూ చూపాలి. రెండు దేశాల లెక్కలూ తెలిసిన ఆడిటరు లేకుండా కదలకండి.

దూరాన ఉన్నవాళ్ళు జీపీఏ ఇవ్వడం మామూలే. ఏ ఇంటికి, ఏ ధరకు తగ్గకుండా, ఎంత కాలానికి అని స్పష్టంగా రాసి ఇవ్వండి. "అన్ని అధికారాలూ" అన్న కాగితం అక్కడి స్నేహితుడికైనా ఇవ్వకండి.

అప్పు లేని, ఖాళీగా ఉన్న ఇళ్ళ మీదే దొంగల కన్ను ఉంటుంది. యజమానిగా నటిస్తూ నకిలీ గుర్తింపు పత్రాలతో అమ్మేసే మోసాలు అమెరికాలో పెరిగాయి. పొరుగింటివాళ్ళ ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి, రికార్డరు కార్యాలయంలో మీ ఇంటి మీద ఏ దస్తావేజు నమోదైందో అప్పుడప్పుడు చూసుకోండి. అమ్మకం చివరి రోజుల్లో డబ్బు పంపాల్సిన ఖాతా మారిందంటూ మెయిల్ వస్తే నమ్మకండి. మొదటి రోజు మీరే రాసుకున్న నంబరుకు ఫోన్ చేసి, అమ్మకపు డబ్బును మధ్యలో ఉండి చూసే ఎస్క్రో అధికారి గొంతు విన్నాకే ఖాతా వివరాలు ఒప్పుకోండి. డబ్బు తప్పుడు ఖాతాకు పోయిందని తెలిసిన నిమిషంలోనే బ్యాంకుకూ, ఎఫ్‌బీఐ సైబర్ నేరాల ఫిర్యాదు కేంద్రానికీ చెప్పాలి. గంటలు గడిస్తే ఆ డబ్బు మళ్ళీ కనిపించదు.

ప్రభుత్వం ఏం చేయాలి

భారమంతా యజమానుల మీదే మోపడం న్యాయం కాదు. ఇళ్ళ ఒప్పందాలను హోల్‌సేల్‌గా అమ్ముకునేవాళ్ళకు ఇల్లినాయ్ 2019లో, ఓక్లహోమా 2021లో కళ్ళెం వేశాయి. పెన్సిల్వేనియాలో 2025 నుంచి అలాంటి ఒప్పందాన్ని అమ్మేవాడు రద్దు చేసుకునే గడువు ఉంది. జప్తులో ఉన్నవాడికి ఐదు రోజులిచ్చిన కాలిఫోర్నియా, పిలవకుండా వచ్చిన కొనుగోలుదారుడికి సంతకం చేసిన వృద్ధురాలికి ఒక్క రోజైనా ఎందుకివ్వదు? ఆ గడువును చట్టంలో చేర్చాలి. ఒప్పందాన్ని బదలాయించే ఉద్దేశం ఉంటే మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాయాలి. ఆస్తి పన్ను బిల్లుతోపాటు ఈ హెచ్చరికను నగరం ప్రతి యజమానికీ వాళ్ళ భాషలో పంపాలి.

అది జరిగేదాకా మీ జాగ్రత్తే మీకు రక్ష. అమ్మే ఆలోచన ఉంటే ఈ వారమే త్రీ-ఆర్ రిపోర్టుకు దరఖాస్తు చేయండి. ఇంటి మీద ఏవైనా చారిత్రక నిబంధనలు ఉన్నాయో లేదో ప్లానింగ్ శాఖలో కనుక్కోండి. పన్ను లెక్క వేయించండి. కమిషన్‌తో సంబంధం లేకుండా గంటకింత ఫీజు తీసుకునే రియల్ ఎస్టేట్ వకీలుకు ఒప్పందం చూపించండి. ఆ లోపల ఎవరు ఎంత పెద్ద అంకె చెప్పినా ఒకే జవాబు ఇవ్వండి: కాగితం వదిలి వెళ్ళండి, మా వకీలు చూశాక చెబుతాం. నిజంగా కొనేవాడు ఆ మాటకు నొచ్చుకోడు. నొచ్చుకున్నవాణ్ణి గుమ్మం దాకా సాగనంపి తలుపు వేసుకోండి.